పుస్తకం మూసి చదవండి

కాలేజీ మొదటి ఏడాదిలో నా దగ్గర మూడు రంగుల పెన్నులు ఉండేవి. నిర్వచనాలకు పసుపు, సూత్రాలకు ఆకుపచ్చ, మరీ ముఖ్యమనుకున్నవాటికి గులాబీ. నెల తిరిగేసరికి పుస్తకంలో రంగు పడని వాక్యం వెతుక్కోవలసి వచ్చింది. పరీక్షలో ఒక ప్రశ్న చూడగానే సంబరపడ్డాను. దాని జవాబు ఎడమవైపు పేజీలో, పైనుంచి రెండో పేరాలో, పసుపు రంగు కింద ఉందని గుర్తొచ్చింది. పేజీ మూల మడత కూడా కళ్ళకు కట్టింది. ఆ పేరాలో ఏముందో మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు. ముప్పావు గంట నీళ్ళు నమిలి బయటికి వచ్చాను.

నాలుగు గంటలు కదలకుండా కూర్చుని చదివిన పాఠం అది. కాబట్టి బద్ధకాన్ని తప్పుపట్టడానికి లేదు. చూసి గుర్తుపట్టడమే పాఠం రావడం అనుకున్నాను, పొరపాటు అదే. రోజూ దారిలో ఎదురుపడే మనిషిని ఇట్టే గుర్తుపడతాం. ఆయన ముఖాన్ని చూడకుండా గీయమంటే చెయ్యి ఆడదు. పాఠమూ అంతే. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. మూశాక ఏం మిగిలిందో చూసుకున్నప్పుడే అసలు లెక్క తేలుతుంది.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ తేడాను కొలిచి చూశారు. కాలేజీ విద్యార్థులు ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మరో వ్యాసాన్ని ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు చూడకుండా గుర్తున్నంతా రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదానిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పెడితే తలకిందులైంది. రెండుసార్లు చదివినదాంట్లో 42 శాతం, రాసి చూసుకున్నదాంట్లో 56 శాతం గుర్తుంది. పరీక్షకు ముందు రాత్రి చదువు ఎందుకు అంత ధీమా ఇస్తుందో, సెమిస్టరు చివరికి ఎందుకు ఆవిరవుతుందో ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. ఇకపై చెప్పే పనులన్నీ పుస్తకం మూయడానికి వీలు కల్పించేవే.

ముందు వారాన్ని కొలవండి

వారానికి 168 గంటలు. నిద్రకు రోజుకు 8 చొప్పున 56 తీసేయండి. క్లాసులు, ల్యాబులు కలిపి 24 అనుకుందాం. తిండి, స్నానం, రాకపోకలు, చిల్లర పనులకు రోజుకు 4 చొప్పున 28. మిగిలేవి 60. క్లాసులో కూర్చునే ఒక్కో గంటకు బయట రెండు గంటలు చదవాలన్నది కాలేజీల్లో పాతకాలం నుంచీ వినబడే లెక్క. ల్యాబులు పోను 16 గంటల పాఠాలుంటే 32 గంటల చదువు అన్నమాట. అప్పటికీ 28 గంటలు మీ చేతిలో ఉంటాయి. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు. పని చేస్తూ చదివేవారికి, దూరం నుంచి వచ్చేవారికి ఆ 28 ఎప్పుడో కరిగిపోయి ఉంటాయి. అయినా కాగితం మీద వేసి చూడండి. 'టైము చాలడం లేదు' అన్న మాట కొందరి విషయంలో నిజమని, కొందరి విషయంలో కాదని అప్పుడే బయటపడుతుంది.

ఆ తర్వాత టైమ్‌టేబుల్. ఇక్కడే మనలో ఆరంభశూరత్వం పొంగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, అరగంటకో సబ్జెక్టు, గీతలు గీసిన చార్టు, మూడో రోజుకు అటక. నా సలహా వేరు. వారం మొత్తాన్ని నింపకండి. మూడింటిని మాత్రం కదలకుండా పెట్టుకోండి. మొదటిది, ప్రతి రోజూ సాయంత్రం ఆనాటి పాఠాలను తిరగేసుకునే వేళ. రెండోది, క్లాసుకూ క్లాసుకూ మధ్య దొరికే ఖాళీ పీరియడ్లు. గంటలోపే కదా అని చాలామంది వాటిని లెక్కలోకే తీసుకోరు, కానీ వారమంతా కలిపితే అవి ఆరేడు గంటలవుతాయి. పైగా అప్పటికి మెదడు ఇంకా అలసిపోయి ఉండదు. మూడోది, వారాంతంలో ఏ పనీ రాయకుండా వదిలేసే ఒక పూట. అనుకున్నవి జరగనప్పుడు అవి వచ్చి పడే చోటు అది.

ఆ ఖాళీ పూట ఎందుకంటే, మన అంచనాలు ఎప్పుడూ పొదుపుగానే ఉంటాయి. 1994లో రోజర్ బ్యూలర్, మరో ఇద్దరు పరిశోధకులు డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 పైచిలుకు. కాబట్టి అసైన్‌మెంట్‌కు నాలుగు గంటలు చాలనిపిస్తే ఆరు గంటలు కేటాయించండి. మిగిలితే మీ అదృష్టం. నాకైతే ఎప్పుడూ మిగల్లేదు.

క్లాసులో: రాసేది తక్కువ, అడిగేది ఎక్కువ

మంచి లెక్చరర్ పాఠం చెబుతుంటే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంటుంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది. ఒలిచింది ఆయన. బోర్డు తుడిచాక అదే ఉదాహరణను మీరు చేయగలరా అన్నది వేరే ప్రశ్న.

క్లాసుకు వెళ్ళేముందు పది నిమిషాలు ఆ అధ్యాయంలోని శీర్షికలు, బొమ్మలు చూసి, అర్థం కానివాటిమీద రెండు ప్రశ్నలు రాసుకోండి. క్లాసులో ఆ రెండింటికీ జవాబు దొరికిందా లేదా గమనిస్తూ ఉంటే చెవి దానంతట అదే పాఠం మీద నిలుస్తుంది. దొరక్కపోతే చెయ్యెత్తండి. అందరికీ తెలిసిందేదో మనకొక్కరికే తెలియదన్న బెరుకు సహజమే. కానీ మీరు అడిగాక వెనక బెంచీల్లో పెన్నులు కదలడం చూస్తే ఆ బెరుకు సగం పోతుంది.

నోట్సు విషయంలో 1950ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. పేజీకి ఎడమవైపు మూడో వంతు దగ్గర నిలువు గీత గీయండి. కుడివైపు పాఠం. ఎడమవైపు క్లాసులో ఖాళీ. సాయంత్రం ఆ ఖాళీలో కుడివైపు సంగతులకు తగిన ప్రశ్నలు రాయాలి. పేజీ అడుగున నాలుగు వరుసల్లో మీ మాటల్లో సారాంశం. మరునాడు కుడివైపును కాగితంతో కప్పి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. చాలామంది గీత గీస్తారు, ప్రశ్నలు కూడా రాస్తారు, కప్పడం మాత్రం మానేస్తారు. కప్పకపోతే ఆ గీత అలంకారమే.

ల్యాప్‌టాప్ మీద రాసుకోవచ్చా అంటే, రాసుకోవచ్చు. చిక్కల్లా వేళ్ళు వేగంగా పరిగెత్తడమే. విన్నది విన్నట్టు దించేస్తే చెవిలోంచి వేళ్ళలోకి పోతుంది తప్ప బుర్రలో ఆగదు. చేత్తో రాసేవారు అంత వేగంగా రాయలేరు కనుక ఏది రాయాలో ఎంచుకోక తప్పదు. ఆ ఎంపికే చదువులో మొదటి మెట్టు.

అదే సాయంత్రం: తెల్ల కాగితం

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే దీన్ని పాటించండి. పాఠానికి పదిహేను నిమిషాలు. నోట్సు, పుస్తకం, ఫోను పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం తీసుకుని ఆనాటి పాఠంలో గుర్తున్నదంతా రాయండి. వరుస అక్కర్లేదు, అందం అక్కర్లేదు.

ఇది ఎలా ఉంటుందో చూడండి. ఆరోజు జీవరసాయన శాస్త్రంలో ఎంజైముల నిరోధకాలు చెప్పారనుకుందాం. కాగితం మీద మొదట వచ్చేవి: 'నిరోధకాలు ఎంజైము వేగాన్ని తగ్గిస్తాయి. రెండు రకాలు. ఒకటి పోటీ పడేది, ఇంకొకటి పడనిది.' ఇక్కడ పెన్ను ఆగిపోతుంది. వెంటనే పుస్తకం వైపు చెయ్యి పోతుంది. పోనివ్వకండి. కనీసం రెండు నిమిషాలు ఆ ఇబ్బందిలో కూర్చోండి. పోటీ అంటే దేనికోసం పోటీ? ఎంజైము క్రియాశీల స్థానం కోసం. ఎవరితో? అక్కడ కూర్చోవలసిన అధస్తర పదార్థంతో, అంటే ఎంజైము మార్చే పదార్థంతో (సబ్‌స్ట్రేట్). అలాగైతే అధస్తర పదార్థాన్ని గుమ్మరిస్తే? నిరోధకం ఓడిపోవాలి. అంటే గరిష్ఠ వేగం మారదు, దాన్ని అందుకోవడానికి ఎక్కువ పదార్థం కావాలి. మరి పోటీ పడనిది? అది వేరే చోట కూర్చుంటుంది కనుక ఎంత గుమ్మరించినా లాభం లేదు, గరిష్ఠ వేగమే పడిపోతుంది. గ్రాఫు ఎలా ఉంటుందో మాత్రం గుర్తు లేదు.

ఇప్పుడు నోట్సు తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి వేరే రంగుతో అదే కాగితం మీద దిద్దండి. (నా గులాబీ పెన్నుకు చివరికి ఇక్కడ ఉద్యోగం దొరికింది.) దిద్దిన చోట్లే రేపు చదవాల్సినవి. గ్రాఫు రాలేదు, కాబట్టి రేపు గ్రాఫు ఒక్కటే. మొత్తం అధ్యాయం మళ్ళీ చదవక్కర్లేదు. ఇలా చదివితే గంటలు పెరుగుతాయని భయపడేవారు ఈ పొదుపును చూడరు.

మొదటి వారం ఈ పని చేదుగా ఉంటుంది. అరగంట క్రితం విన్నదే రాకపోతే 'నాకు చదువు అబ్బదేమో' అనిపిస్తుంది. కాగితం సగం ఖాళీగా ఉండటం మామూలే. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ పెనుగులాటే విషయాన్ని గట్టిపరుస్తుంది. వెంటనే జవాబు చూసేస్తే ఆ పెనుగులాట ఉండదు, ఫలితమూ అంతంతమాత్రమే.

మరిచిపోబోతున్నప్పుడు మళ్ళీ పట్టుకోండి

1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు తనమీద తానే ప్రయోగాలు చేసుకుని ఫలితాలు ప్రచురించాడు. అర్థంలేని అక్షరాల గుంపులను కంఠస్థం చేయడం, కొంతకాలం ఆగి మళ్ళీ నేర్చుకోవడం, రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కవేయడం ఆయన పద్ధతి. గంట తర్వాత ఆదా సగం కంటే తక్కువకు పడిపోయింది. రోజు గడిచేసరికి మూడో వంతు. అక్కడినుంచి నెల గడిచినా ఇంకా అయిదో వంతు మిగిలే ఉంది. మీరు చదివేవి అర్థమున్న పాఠాలు కనుక ఇంత ఘోరంగా జారిపోవు. కానీ తీరు అదే: మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా. అందుకే మొదటి పునశ్చరణ ఆరోజే ఉండాలి, తర్వాతివి దూరం జరగాలి. మరునాడు, నాలుగో రోజు, వారం పది రోజులకు, నెలకు. ప్రతిసారీ చదవడం కాదు, తెల్ల కాగితమే.

నిర్వచనాలు, సూత్రాలు, తేదీలు, పరభాషా పదాలు లాంటి చిన్న ముక్కలకు కార్డులు బాగా పనికొస్తాయి. ముందువైపు ప్రశ్న, వెనక జవాబు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత చెప్పిన పెట్టెల పద్ధతిని సులువుగా ఇలా చేసుకోవచ్చు. మూడు పెట్టెలు పెట్టుకోండి. కొత్త కార్డులన్నీ మొదటి పెట్టెలో, దాన్ని రోజూ తీయాలి. జవాబు చెప్పగలిగిన కార్డు రెండో పెట్టెకు వెళుతుంది, దాన్ని మూడు రోజులకోసారి తీస్తే చాలు. అక్కడా చెప్పగలిగితే మూడో పెట్టె, వారానికోసారి. ఎక్కడ తప్పినా, మూడో పెట్టెలో తప్పినా సరే, తిరిగి మొదటి పెట్టెకు. ఫోనులో ఈ పని చేసిపెట్టే యాప్‌లు ఉన్నాయి. కాకపోతే కార్డు చదవడానికి ఫోను తీసిన చెయ్యి ఇంకెక్కడికో పోతుంది. నాకు అట్టముక్కలే మేలనిపించింది.

ఒక హెచ్చరిక. ఇతరులు తయారు చేసిన కార్డుల కట్టలు తెచ్చుకుని చదివితే చాలా భాగం లాభం పోతుంది. ఏది ప్రశ్న చేయాలో తేల్చుకోవడంలోనే సగం పాఠం అర్థమవుతుంది.

లెక్కలను కలగలపండి

గణితం, భౌతికశాస్త్రం, అకౌంటింగ్ లాంటి సబ్జెక్టుల్లో మరో ఉచ్చు ఉంది. అధ్యాయం చివర ఒకే రకం లెక్కలు ఇరవై ఉంటాయి. మొదటి రెండింట్లో తడబడతారు, మిగతా పద్దెనిమిదీ కొట్టిన పిండి. పరీక్షలో అదే లెక్క వేరే లెక్కల మధ్య కనిపిస్తే ఏ పద్ధతి వాడాలో తోచదు.

సమాకలనంలో (ఇంటిగ్రేషన్) ఒక జత చూడండి. ఎక్స్‌ను ఇ పవర్ ఎక్స్‌తో గుణించి సమాకలనం చేయమంటే విభాగ పద్ధతి (బై పార్ట్స్) కావాలి. అదే ఎక్స్‌ను ఇ పవర్ ఎక్స్ స్క్వేర్‌తో గుణిస్తే ప్రతిక్షేపణ (సబ్‌స్టిట్యూషన్) చాలు, రెండు వరుసల్లో తేలిపోతుంది. కంటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. 'విభాగ సమాకలనం' అని పైన రాసి ఉన్న అభ్యాసంలో చేస్తే ఈ తేడాను పసిగట్టే అవసరమే రాదు, ఎందుకంటే జవాబులో సగం శీర్షికే చెప్పేసింది.

2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు ఘనపరిమాణం లెక్కలతో ఈ సంగతి పరీక్షించారు. ఒకే రకం వరుసగా చేసినవారు అభ్యాసంలో 89 శాతం సరిగా చేశారు. కలగలిపి చేసినవారు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో వరుసగా చేసినవారు 20 శాతానికి పడిపోయారు, కలగలిపినవారు 63 దగ్గర నిలిచారు. కాబట్టి కొత్త పద్ధతి నేర్చుకున్న రోజు నాలుగైదు లెక్కలు వరుసగా చేయండి. మరునాటి నుంచి పాత మూడు అధ్యాయాల్లోంచి తలా ఒకటి తీసి, చీటీల మీద రాసి కలిపేయండి. ఒక్కో చీటీ తీసినప్పుడు లెక్క చేయకముందే ఏ పద్ధతో, ఎందుకో ఒక వాక్యంలో రాయండి. టైము లేకపోతే ఆ వాక్యం మాత్రం రాసి తర్వాతి చీటీకి వెళ్ళినా ప్రయోజనమే.

కూర్చునే తీరు

ఫోను గురించి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను, క్లుప్తంగా. మ్యూట్‌లో పెట్టడం, తిరగేసి పెట్టడం చాలదు, వేరే గదిలో పెట్టండి. లేచి వెళ్ళి తెచ్చుకోవాలంటే మనసు సగంసార్లు ఊరుకుంటుంది.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అన్న పద్ధతిని 1980ల చివర్లో ఫ్రాన్చెస్కో సిరిల్లో అనే విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారంతో మొదలుపెట్టాడు. అది బాగా పనిచేసేది మొదలుపెట్టడానికి. లెక్క మధ్యలో ఉండగా గంట మోగిందని లేవడం మాత్రం నాకు నచ్చదు. పని సాగుతుంటే సాగనివ్వండి. లేచేముందు తర్వాత చేయాల్సిన పనిని ఒక వరుసలో రాసి పెట్టండి: '4వ లెక్క, రెండో మెట్టు దగ్గర గుర్తు సరిచూడాలి.' తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలా అని దిక్కులు చూడక్కర్లేదు.

కలిసి చదవడం మంచిదే, ముందుగా ఎవరికివారు చదువుకుని వస్తే. నలుగురు కూర్చుని నాలుగు పుస్తకాలు తెరిస్తే అది కబుర్లలోకి దిగడానికి పావుగంట పట్టదు. ఒకరు బోర్డు దగ్గర నిలబడి నోట్సు లేకుండా పది నిమిషాలు చెప్పాలి, మిగతావారు 'ఎందుకు' అని మాత్రమే అడగాలి. ఈ రెండు నియమాలు చాలు.

నిద్ర మానేసి చదవకండి. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు (ఇదీ ఆ కార్నెల్‌లోనే) నేర్చుకున్న వెంటనే నిద్రపోతే, మెలకువగా గడిపినప్పటికంటే ఎక్కువ గుర్తుంటుందని చూపించారు. రాత్రి నిద్రాపుకోవడానికి తాగే కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే చాలామందిలో అయిదు గంటల దాకా పడుతుంది.

వెనకబడిపోతే

అందరూ ఎప్పుడో ఒకప్పుడు వెనకబడతారు. జ్వరం వస్తుంది, ఇంట్లో ఏదో జరుగుతుంది, మనసు బాగుండదు. మూడు వారాల పాఠాలు పేరుకుపోతాయి. అప్పుడు చేసే పెద్ద పొరపాటు మొదటి నుంచి మొదలుపెట్టడం. ఒకటో వారం పాఠం చదువుతుండగా నాలుగో వారం క్లాసులు తల మీదుగా పోతుంటాయి, దూరం అంతే ఉంటుంది.

ఈ వారం నుంచే మొదలుపెట్టండి. ఇవాళ్టి పాఠానికి వెళ్ళండి, సాయంత్రం తెల్ల కాగితం రాయండి. రాయలేని చోట కారణం చూడండి. పాత అధ్యాయంలోని ఏ భావన తెలియక ఆగిపోయారో ఆ ఒక్కటి వెనక్కి వెళ్ళి నేర్చుకోండి. పాత పాఠాల్లో అవసరమైనవి ఇలా ముందుగా పూడతాయి, మిగతావి వారాంతపు ఖాళీ పూటకు ఉంచండి. లెక్చరర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు 'సర్, ఏమీ అర్థం కాలేదు' అనకండి. ఆ మాటకు ఎవరూ సాయం చేయలేరు. మీరు రాసిన కాగితం చూపించి 'ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడినుంచి తెలియడం లేదు' అంటే ఐదు నిమిషాల్లో ముడి విడిపోవచ్చు.

జవాబు పత్రం తిరిగి వచ్చాక

పరీక్షకు రెండు వారాల ముందునుంచి పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని, పుస్తకం లేకుండా రాయండి. జవాబులు పక్కన పెట్టుకుని చదివితే అవి మళ్ళీ నా పసుపు గీతలే.

మార్కులు వచ్చాక పత్రాన్ని సంచి అడుగున పడేయడం అందరికీ అలవాటు. ఒక అరగంట దాన్ని ముందు పెట్టుకుని పోయిన ప్రతి మార్కు పక్కనా ఒక అక్షరం వేయండి. తెలిసి కూడా తొందరలో పోయినవి 'తొ'. టైము చాలక పోయినవి 'టై'. తెలుసనుకుని తప్పు రాసినవి 'అ'. మొదటి రకానికి రాశాక సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలు మిగుల్చుకోవాలి. రెండో రకానికి గడియారంతో మరింత అభ్యాసం కావాలి. 'అ' పడినవాటిని ఆరోజే కార్డుల మీదికి ఎక్కించి మొదటి పెట్టెలో వేయండి.